చెదరని సుద్దగీత

చక్రధరుడైన శ్రీహరిఁ సన్నుతింతు
గీత కిరువైపు నిలిచిన గెలుపు కోరు
వారి కన్నుల సత్యము భాసిలంగ
నెమ్మి నొకచిన్ని కథ నేఁడు నే వచింతు.

పాఠశాల వెనుక మట్టి మైదానంలో ఫ్రిస్బీ, అంటే ప్లాస్టిక్ చక్రాన్ని విసిరి పట్టే ఆట, ఆడే జట్లు రెండు. తెల్లవారి వేళ మాత్రం ఒక్కటే. ఆ వేళ కోసం ఇరుజట్లూ కీచులాడుకుంటుంటే విని విని విసిగిన కాపలాదారు, "గెలిచినవాళ్లకు పొద్దుట, ఓడినవాళ్లకు మధ్యాహ్నం. ఇక నా బుర్ర తినకండి" అని తేల్చేశాడు. ఒక దర్జీ ఆడే మొదటి జట్టుకు మధ్యాహ్నమంటే ఎండా చెమటా మాత్రమే. రెండో జట్టులోని నర్సుకు అలా కాదు. పొద్దున్నే ఆపరేషన్ గదిలోకి వెళ్లిన మనిషి దీపాలు పెట్టే వేళకు గాని ఇల్లు చేరదు. ఉదయపు వేళ పోయిందంటే ఆమెకు ఆటే పోయినట్టు.

ఈ ఆటలో రిఫరీ ఉండడు. ఎవరి తప్పు వారే చెప్పుకోవాలి. తగవు వస్తే అందరికంటె బాగా చూసినవారి మాట చెల్లుతుంది. మైదానం చివరి గెలుపు గడిలో చక్రాన్ని పట్టినవారికి పాయింటు, గీతకు కాలు తగిలితే మాత్రం బయట పడ్డట్టే. గీత మీద గాలిలో ఏది తేలినా ఫరవాలేదు, నేలను తాకిన చోటే లెక్క. ఆ గీతలను ప్రతి ఆటకూ దర్జీయే సుద్దపొడితో గీసేవాడు. గీత వంకరపోతే చొక్కా చెడుతుందన్న జాగ్రత్త అతని వేళ్లకు అలవాటు.

పొద్దుటి వేళ ఎవరిదో తేల్చే ఆనాటి ఆటలో ఇరుజట్లూ సరిసమానంగా వచ్చి నిలిచాయి. మిగిలిన ఒక్క పాయింటుతో అంతా తేలిపోతుంది. నర్సు మరిది చక్రాన్ని బలంగా విసిరాడు. అది గీత దాటి బయటికి పోయి, గాలిలో ఒరిగి, మళ్లీ లోపలికి మళ్లింది. నేలను తాకనంతవరకు అది బతికున్న చక్రమే. నర్సు గీత వెంబడి పరుగెత్తి, ఎగిరి, రెండు చేతులా ఒడిసిపట్టింది. గెలుపు గడిలో మునివేళ్లపై దిగి, ఆ ఊపుకు లోపలికే తూలిపడింది. ఆమెను అడ్డుకోబోయిన దర్జీ కాలు జారి, గీత పక్కనే బోర్లా పడ్డాడు.

"వదినా! గెలిచాం!" మరిది గంతులు వేశాడు.

నర్సు మట్టి దులుపుకుంటూ లేచింది. "ఆగు. నా మడమ గీతకు తగిలినట్టుంది. అవుట్."

"తగలడం చూశావా?"

"చూళ్లేదు. అనుమానం."

ఎదుటి జట్టులోని బస్సు డ్రైవరును, అతని గొంతు మహిమ వల్ల, అందరూ హారన్ అనేవారు. "శెభాష్ అక్కా! మనిషంటే నువ్వు!" అని మైదానం దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాడు.

దర్జీ పడ్డచోటి నుంచే తల ఎత్తాడు. "నోరు ముయ్యి హారన్. అక్క పాదం లోపలే ఉంది."

"ఒరే, నీకేమైనా పిచ్చా? ఆవిడే అవుటంటుంటే కాదనడానికి నువ్వెవడివిరా? అసలు నువ్వు ఏ జట్టు?"

"జట్టు నీదే. కళ్లు నావి."

నర్సు ముఖం ముడుచుకుంది. "తమ్ముడూ, నా మీద జాలి పడుతున్నావా?"

"జాలా? రేపటి నుంచి ఎండలో మాడేది నేనక్కా!"

"మా గదిలో గ్లౌజు దేనికైనా తగిలిందేమోనని అనుమానం వస్తే చాలు, తగిలినట్టే. తీసి పారేస్తాం. నాకదే అలవాటు."

"అక్కడ అవతల రోగి ప్రాణం ఉంది కాబట్టి అది న్యాయం. ఇక్కడ నువ్వు పారేస్తున్నది నేను కళ్లారా చూసినదాన్ని. నువ్వు చక్రాన్ని చూస్తున్నావు, మడమ నీకెలా కనపడుతుంది? నా ముక్కు గీతకు జానెడు దూరంలో ఉంది. నీ మడమ పైన తేలింది, దిగలేదు. నమ్మకపోతే వచ్చి చూడు."

అందరూ వంగి చూశారు. ఆమె మునివేళ్ల గుర్తు బెత్తెడు లోపల స్పష్టంగా పడింది. ఆ పక్కనే సుద్దగీత కొత్త చొక్కా అంచులా చెక్కుచెదరకుండా ఉంది. హారన్ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు వెతికి, నిట్టూర్చాడు. "ఇంత శుభ్రంగా గీయమని నిన్నెవడు అడిగాడురా!"

నర్సు గీతను చూసింది, దర్జీని చూసింది. తనకు నష్టం తెచ్చినంత మాత్రాన ఏ మాటా సత్యమైపోదని ఆమెకు తోచింది. తల నిటారుగా ఎత్తి, "లోపలే. పాయింటు మాది" అంది. దర్జీ చేయి చాచాడు. ఆమె ఆ చేయి పట్టి అతణ్ణి లేపింది.

"ఇక పొద్దుట గీతలు మీరే గీసుకోవాలి, అక్కా" అన్నాడతను.

మర్నాడు తెల్లవారగానే వదినా మరుదులు సుద్ద డబ్బా పట్టారు. కొంతదూరం పోయాక మరిది వెనక్కి తిరిగి చూసి, "వదినా, ఇది గీతా, వాగా?" అన్నాడు.

దుకాణం తెరవడానికి పోతున్న దర్జీ గోడ అవతల ఆగాడు. రెండడుగులు వేశాడు. మళ్లీ ఆగాడు. చివరికి గేటు తోసుకుని లోపలికి వచ్చి, "జరుగక్కా, చూడలేక చస్తున్నాను" అని డబ్బా అందుకున్నాడు.

రోడ్డు మీద బస్సు నెమ్మదించింది. "నేను చెప్పలా? వాడు మన జట్టు కాదు!" అన్న గొంతు ఇంజను మోతను మించి వినిపించింది.

ఈ కథ విన్న వారందరికీ, చూసినది చూసినట్లు పలికే ధైర్యాన్నీ, ఎదుటివారు చూసినదాన్ని మన్నించే ఓర్పునూ ఆ చక్రధారి ప్రసాదించుగాక! వారి కాళ్లకు బలమూ, ఇళ్లకు నవ్వులూ కలుగుగాక!