గుద్దుల ఎక్కాలు

"ఏడొకట్ల ఏడు!" అని కుప్పయ్య అరిచేసరికి, పలమనేరు మంచులో బడి ఆవరణ నిండా చిన్న చిన్న పిడికిళ్లు ముందుకు దూసుకొచ్చాయి.

"ఏడు రెళ్లు పద్నాలుగు!"

ఏడు ఆర్లు దాటాక ఆయన గొంతు సన్నబడింది. ఆ పైన ఎక్కం ఆయనకు రాదు. ఆ ఎక్కం దెబ్బకే చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన మనిషి మరి! "హా! హా!" అని గద్దించడం మాత్రం ఆయన వంతు, లెక్క పిల్లలదే.

పాలకేంద్రంలో క్యాన్లు మోసీ మోసీ కుప్పయ్య కుడిభుజం ఒక పక్కకి దిగిపోయింది. ఒంటి మీద పాలకేంద్రం వాళ్లిచ్చిన తెల్ల యూనిఫాం, నడుముకు నల్ల బెల్టు. ఆ బెల్టు భార్య సుబ్బులమ్మ లంగా చించి కుట్టుకున్నది. ఆవిడ ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. వయసులో ఉన్నప్పుడు వేలూరు హోటల్లో ప్లేట్లు కడుగుతూ, పక్కసందు మాస్టరు దగ్గర కరాటే నేర్చుకున్నాడు. పరీక్ష పెట్టేలోపు నాయన పోయాడని కబురొచ్చింది. అంతే, బెల్టూ లేదు, సర్టిఫికెట్టూ లేదు.

బడిపిల్లలకు కరాటే నేర్పుతానంటే మొదట్లో హెడ్‌మిస్ట్రెస్ అమల టీచరు ఒప్పుకోలేదు. ఉన్న చదువు చాలక తన్నులాట కూడానా అంది. అప్పుడే కుప్పయ్య గుద్దుకో ఎక్కం తగిలించాడు. ఏడాది తిరిగేసరికి లెక్కల్లో సున్నాలు తగ్గాయి. ఇప్పుడు ఆవరణలో బండ్లకు షెడ్డు వెయ్యాలని పైనుంచి మాట వచ్చింది. కరాటే వల్ల చదువుకేం లాభమో చూసి తేల్చడానికి ఇవాళ అధికారి వస్తున్నాడు. పిల్లలు తడబడితే క్లాసు మూతపడ్డట్టే.

పాలకేంద్రంలో కుప్పయ్యకు చెయ్యి ఆడలేదు. క్యాను మూత పాదం మీద పడేసుకుని, కుంటుకుంటూ బడికొచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.

అధికారి సరిగ్గా ప్రశాంతినే లేపాడు. నిరుటిదాకా పేరడిగితేనే తలుపు చాటుకు పోయిన పిల్ల.

"ఏడెనిమిదులు ఎంతమ్మా?"

పెద్దవాళ్ల ముందు నిలబడే పద్ధతి ప్రకారం ప్రశాంతి చేతులు కట్టుకుంది. నోరు పెగల్లేదు. ఇంకా బిగించి కట్టుకోమని వెనకనుంచి అమల టీచరు సైగ చేసింది. ఆ పిల్ల మోచేతులు గిలగిల్లాడుతున్నాయి. కుప్పయ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"సార్, ఆ పాపను చేతులు ఇడిసిపెట్టనీండి. సెయ్యి ఆడితేనే ఆ బిడ్డకి లెక్కొస్తాది."

అధికారి ఎగాదిగా చూసి, సరేనన్నాడు. ప్రశాంతి కాళ్లు ఎడంగా పెట్టి ఏడొకట్లనుంచి అందుకుంది. గుద్దుకొక అడుగు ముందుకు. అధికారి అడుగుకొక అడుగు వెనక్కి. "ఏడెనిమిదులు యాభై ఆరు!" అనేసరికి ఆయన వీపు నల్లబల్లకు ఆనింది. ఆ ఊపులో తరగతంతా లేచి మిగతా ఎక్కం ముగించింది. కిటికీ బయట కుప్పయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చొక్కాకంటిన సుద్ద దులుపుకుంటూ అధికారి పడీపడీ నవ్వాడు. షెడ్డు లేదు గిడ్డు లేదు, కరాటే ఉండాల్సిందే అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంత మంచి పనికి సర్టిఫికెట్టు ఉన్న మాస్టరు ఉండాలని, సోమవారం నుంచి తిరుపతి మనిషిని పంపిస్తానని కూడా అన్నాడు. మీకు సర్టిఫికెట్టేమన్నా ఉందా అని కుప్పయ్యను అడిగాడు.

"లేదు సార్. నేను క్యాన్లెత్తేవాణ్ణి."

అమల టీచరు తల దించుకుంది. కుప్పయ్య ఆమె దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాడు.

"వచ్చే సారుకు ఒక్క మాట చెప్పండి మేడమ్. ఒకటి, రెండు, మూడు అని ఎంచొద్దనండి. ఎక్కంతోనే గుద్దించమనండి."

సాయంత్రం బడి వదిలాక, పిల్లలు గుద్దడానికి తాను కుట్టి వేపచెట్టుకు కట్టిన ఊక మూటను విప్పుకుపోదామని వచ్చాడు. ముడి మీద చెయ్యి వేసి, మూటను తనవైపు తిప్పుకుని, ఆగిపోయాడు. చెయ్యి తీసేసి సైకిలెక్కాడు.

పిడికిళ్ల దెబ్బలకు సొట్టలుపడిన ఆ మూట మీద, బొగ్గుతో గీసిన రెండు వంకర మీసాలు, వాటి కింద గుండ్రటి అక్షరాల్లో 'కుప్పయ్య సార్' అని ఉంది.