గవ్వా, అద్దమా

జులై పదకొండు. ఆ మధ్యాహ్నం అన్నాచెల్లెళ్లు జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పామాయిల్ తోటలోనే తిన్నారు. మంగీలాల్‌కు బాగా గుర్తు. ఆ రోజు తర్వాత చెల్లెలు సక్రి కుడిచేత్తో రొట్టె తుంచుకోవడం అతను నెలల తరబడి చూడలేదు. గంట తిరక్కుండా గెలలు కోసే కత్తి జారి ఆమె కుడి మణికట్టు మీద పడింది.

ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ తెగిన నరాన్ని కుట్టింది. "రోజుకు మిల్లీమీటరు పెరుగుతుంది. వేలికి స్పర్శ పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది. సక్రి తండాలో అద్దాల కుట్టుకు పేరున్న మనిషి. వేలికి సూది తెలియకపోతే ఆ పని ఇక లేనట్టే.

"నరం సచ్చిందా అన్నా?"

మంగీలాల్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక చెల్లెలి ఇంట్లోనే భోజనం.

"కణం బతికే ఉంది. అది మెడ దగ్గర, వెన్నెముక పక్కన ఉంటది. వేలి కొసదాకా వచ్చేది దాని తోక. తెగింది ఆ తోకే."

"మెడకాడ కూసున్నోనికి గంత తోకనా? కోతులే నయం!"

"తెగినకాడి నుంచి వేలి దిక్కున్న ముక్క ఎండిపోతది. దాన్ని చుట్టుకున్న చిన్న కణాలుంటయ్. అవి దారి శుభ్రం చేసి వరస కట్టి నిలబడతయ్. కొత్త తోక వాటెంటే పాక్కుంటూ వస్తది."

"రమ్మను. నేను యాడికి పోతున్న?"

పదిరోజులకోసారి అతను మణికట్టు నుంచి కిందికి వేలితో తట్టేవాడు. ఎక్కడ తడితే జివ్వుమంటుందో కొత్త తోక అక్కడిదాకా వచ్చినట్టు; అక్కడ గోరింటాకు చుక్క పెట్టేవాడు. రోజూ సాయంత్రం సక్రి కళ్లు మూసుకుని రేకు డబ్బాలో చెయ్యి పెట్టేది. కుట్టుకు వాడే గవ్వలూ అద్దాలూ అందులో ఉండేవి. వేళ్లకు తగిలింది ఏదో చూడకుండా చెప్పాలి. ఒక్కోసారి గుడ్డిగా చెప్పింది నిజమయ్యేది.

"అది లెక్క కాదు" అని తనే మూత పెట్టేది. మర్నాడు మళ్లీ తీసేది.

దసరాకు చుక్క అరచేతి మధ్యకు వచ్చింది. ఆ తర్వాత చెయ్యి రాత్రింబవళ్లు మండసాగింది. ఒక పొద్దున మంగీలాల్ వెళ్లేసరికి సక్రి ఇంట్లో లేదు. పక్కింట్లోకి తొంగి చూస్తే, ద్వాలి పొయ్యిలో కొడవలి కొస ఎర్రగా కాలుతోంది. సక్రి పళ్లు బిగించి చెయ్యి చాపి కూర్చుంది.

"నరం కుళ్లుతున్నదయ్యా. వాత పెడితే తగ్గుతది" అంది ద్వాలి.

అతను చెల్లెలి పక్కన చతికిలబడి, "కళ్లు మూసుకో" అని చూపుడు వేలి మొదట్లో తట్టాడు.

"అబ్బా! వేలి కొసదాకా జివ్వుమన్నది!"

"కొత్త తోక చుక్కను దాటేసింది సక్రీ. మండేది అదే, వచ్చేదీ అదే. దాన్నే కాల్చుకుంటావా?"

సక్రి చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. ద్వాలి మొహం చిన్నబోయింది.

"నీ మంచి మనసు నాకెరుకే తల్లీ. ఆ నిప్పు మీద చాయ్ పెట్టు" అన్నాడు మంగీలాల్. ఆమె చక్కెర కాస్త ఎక్కువే వేసింది.

"మండనీ" అంది సక్రి గ్లాసు ఎడమచేత్తో అందుకుంటూ. "నేనూ మొండిదాన్నే."

మార్చిలో ఒక సాయంత్రం డబ్బాలో చెయ్యి పెట్టింది. "గవ్వ. గవ్వ. అద్దం..." పదికి పది. చివరిదాన్ని వేళ్ల మధ్య తిప్పి, "అంచు గీసుకుంటున్నదన్నా" అంది. వెంటనే సూదిలో ఎర్రదారం ఎక్కించి, "ఇగ పో. నాకు పనుంది" అంది.

మొదటి కుట్టు వంకరగా పడింది. విప్పి మళ్లీ వేసింది. మంగీలాల్ చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. చప్పుడు కాకుండా ఆమె తలుపు దగ్గరగా వేశాడు.