ఓర్సెట్టా కీర్తనకి ఎవరూ దగ్గలేదు

మా వెనిస్‌లో చర్చిలో చప్పట్లు కొట్టకూడదు. అలాగని పాట నచ్చితే నోరు మూసుకుని కూర్చునే జనమా మాది? దగ్గుతారు, ముక్కు చీదుతారు, బల్లల కింద చెప్పులు నేలకేసి రాస్తారు. పైన ఇనుప జాలీ వెనక కూర్చుని పాడే మాకు కిందివాళ్ల మొహాలు కనబడవు కాబట్టి, ఎవరు ఎంత గట్టిగా దగ్గితే మాకంత సంబరం.

మాది అనాథ ఆడపిల్లల ఆశ్రమం. సంగీతం నేర్పించి ఇక్కడే ఉంచుతారు. అరవై ఏళ్లొచ్చినా మమ్మల్ని 'అమ్మాయిలు' అనే అంటారు. నా పేరు పెరీనా, నాకంటే పొడుగైన బాసు వయొలిన్ వాయిస్తాను. నా పక్కన వయోలా వాయించే ఓర్సెట్టాకి నలభై దాటాయి. మా సంగీతం మాస్టారు రాసిన కీర్తనలకి నకళ్లు తీసేది అదే. వాటిలో సగం దాని చేతిలో పడి దిద్దుబాటయ్యాకే పాడుకోవడానికి పనికొచ్చేవి. ఆ సంగతి మా అందరికీ తెలుసు, మాస్టారికి తప్ప.

ఆ చలికాలం, సరిగ్గా క్రిస్మస్ పండగ ముందు, ఆ మహానుభావుడు ఎక్కువ జీతం ఇస్తామన్నారని ఏదో రాజుగారి కొలువుకి చెక్కేశాడు. పండగ కీర్తన లేదు. ఓర్సెట్టా రాసి, ఆశ్రమం పెద్ద బోర్తొలో దొరగారి చేతిలో పెట్టింది. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి రాగమూ తెలీదు, తాళమూ తెలీదు.

"ఆదివారం పాడండి. జనం మెచ్చితే నీ పేరుతోనే అచ్చు వేయిస్తా, ఈస్టరుకీ నువ్వే రాద్దువుగాని. మెచ్చలేదనుకో, నేపుల్స్ నుంచి మాస్టార్ని రప్పిస్తా. నువ్వు మళ్లీ ఆయన రాసినవాటికి నకళ్లు తీసుకుంటూ ఉందువు."

"మెచ్చారని ఎలా తెలుస్తుంది దొరగారూ?" అంది ఓర్సెట్టా.

"నాకు చెవుల్లేవా అమ్మాయ్? దగ్గులు వింటాగా."

ఆ వారమే పొగమంచు దిగింది. పడవవాళ్ల దగ్గర్నుంచి ప్రభువుల దాకా ఊరంతా పడిశం.

"నీ పంట పండిందే. రేపు నువ్వు గాడిదలా ఓండ్రపెట్టినా దగ్గుతారు" అన్నాను.

ఓర్సెట్టా మొహం మాడ్చుకుంది. "నాకీ పడిశం దగ్గులొద్దే అక్కా. నిఖార్సైన దగ్గులు కావాలి."

ఇలాంటిదాన్ని ఏం చేసుకోను?

ఆదివారం మేము శ్రుతి చేసుకుంటుంటే కింద నుంచి ఒకటే ఖళ్లు ఖళ్లు. పాట మొదలైంది. ఖళ్లు ఖళ్లు తగ్గింది. రెండో చరణంలో గొంతు పైనే నిలబడిపోయి, నా బాసు ఒక్కటే మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. అక్కడికొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. నేను ఏడ్చే మనిషిని కాను. కింద చీమ చిటుక్కుమనలేదు. పాట అయిపోయాక కూడా చర్చి అలాగే ఉండిపోయింది.

ఓర్సెట్టా వయోలా ఒళ్లో పెట్టుకుని కూలబడింది. "ఒక్కడూ దగ్గలేదే. పడిశం ఉన్నవాళ్లు కూడా దగ్గలేదు."

"ఓసి పిచ్చిదానా, దగ్గు తన్నుకొస్తుంటే ఆపుకుని మరీ విన్నారే," అంటున్నాను. ఇంతలో బోర్తొలో దొరగారు మెట్లెక్కి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"చూశావుగా, ఒక్క దగ్గూ లేదు. రేపే నేపుల్స్‌కి కబురు..." అన్నాడో లేదో ఆయనకి దగ్గు తెర ముంచుకొచ్చింది. కళ్లమ్మట నీళ్లు కారేలా దగ్గాడు. పెద్దాయనే దగ్గుతున్నాడని కిందివాళ్లకి వినబడిందో ఏమో, చర్చి చర్చంతా ఒక్కసారిగా అందుకుంది. కిటికీ అద్దాలు అదిరాయి.

నేను మంచినీళ్లిచ్చి, "ఇంత దగ్గు పెట్టుకుని ఇందాకంతా ఎలా ఉన్నారు దొరగారూ?" అనడిగాను.

"ఎలా దగ్గమంటావు? అంత మంచి పాట నడుస్తుంటే మధ్యలో..." అని నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

మా అమ్మాయిలంతా ఆయన్నే చూస్తున్నారు. ఇక తప్పించుకోలేక, "సరే, అచ్చు వేయిస్తా" అని గొణిగాడు. అంతలోనే మళ్లీ మొదలెట్టాడు. "కానీ ఒట్టి ఓర్సెట్టా అంటే ఏం బావుంటుంది? ఇంటిపేరు లేదు, ఎవరి కూతురివో తెలీదు. వెళ్లిపోయిన మాస్టారి పేరు పైన వేసి, నీది కింద చిన్నక్షరాల్లో..."

ఓర్సెట్టా లేచి నిలబడింది. ఇన్నేళ్లలో అది ఆయన మాటకి అడ్డు చెప్పగా నేను చూడలేదు.

"నేనెవరి బిడ్డనో నాకు తెలీదు దొరగారూ. ఈ కీర్తన ఎవరి బిడ్డో మాత్రం తెలుసు. దానికి అమ్మ ఉంది. దాన్ని అనాథని చెయ్యకండి."

బోర్తొలో దొరగారు దగ్గుకుంటూ మెట్లు దిగిపోయాడు. అచ్చులో ఒట్టి ఓర్సెట్టా అనే పడింది.