నా నోట్లో కుంకుమ

నేను ఒక నెట్‌వర్క్ కార్డును. అరచేతిలో ఇమిడిపోతాను. నాకున్నదల్లా ఒక నోరు, దాని పక్కన ఒక ఆకుపచ్చ దీపం. నోట్లో వైరు పెడితే ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు మోస్తాను. సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి, లారీ ఎక్కి, ఏలూరులో ఒక కంటి ఆసుపత్రికి చేరాను. అక్కడ నన్ను సర్వర్ అనే ఇనప్పెట్టె వెనక బిగించారు.

ఆ పెట్టెది వింత సంసారం. ఉన్నది ఒక్క యంత్రమే. దాని లోపల ఓపీకి ఒక కంప్యూటరు, మందుల షాపుకు ఒకటి, ఆపరేషన్ థియేటరుకు ఒకటి ఉన్నట్టు లెక్క. వాటిని వర్చువల్ అంటారు. అంటే పనిచేస్తాయి గాని, తాకుదామంటే దొరకవు. ఆ లేని కంప్యూటర్లకు తలో పేరూ ఉంది. వాటన్నిటి మాటలూ మోసే నాకు మాత్రం లేదు. నా పక్కన ఇంకో కార్డు ఉండేది. నేను పడిపోతే అది అందుకోవాలి. నేనెప్పుడూ పడిపోలేదు కాబట్టి హాయిగా కునుకు తీసేది.

మా బాగోగులు చూసేది నస్రీన్. కొత్తగా చేరిన ఇంజినీరు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమె పైన మేనేజరు పుండరీకం గారు. ఆయనకు భక్తీ ఎక్కువే, చొరవా ఎక్కువే.

దసరాకు ఆయుధపూజ పెట్టారు. నస్రీన్ ఆ రోజు సెలవు. విజయవాడలో ఉండే చైర్మన్ గారు పూజ లైవ్‌లో చూస్తానన్నారు. లాప్‌టాప్‌కు వైరు కావలసివచ్చింది. సర్వర్‌కు గంధం, కుంకుమ అద్దిన చేత్తోనే పుండరీకం గారు నా నోట్లోని వైరు కొస పట్టుకుని లాగారు. దీపం ఆరిపోయేసరికి కంగారుపడి మళ్లీ గుచ్చేశారు. పక్క కార్డు వైరు ఊరికే ఉందనుకుని దాన్ని పట్టుకుపోయారు. యంత్రాలు చెడిపోకూడదని మంత్రాలు చదివారు. చైర్మన్ గారు కళ్లారా చూసి దండం పెట్టుకున్నారు.

పండగ మర్నాడు ఓపీ కిటకిటలాడుతోంది. తడి గంధం నా నోట్లో గట్టిపడింది. నా దీపం వెలుగుతుంది, ఆరుతుంది. పక్కవాడు అందుకుందామంటే వాడికి వైరే లేదు. చుక్కలు వేయించుకుని చూపు మసకబారిన పెద్దవాళ్లు బెంచీల మీద కూర్చున్నారు. చూపు బాగున్నవాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కనబడటం లేదు.

"సాయంత్రంలోగా బాగవకపోతే ఆ అమ్మాయిని రేపట్నుంచి రావద్దనండి" అన్నారు చైర్మన్ గారు ఫోన్లో.

హైదరాబాదు నిపుణులు కూడా ఫోన్లోనే వైద్యం చేశారు. లేని కంప్యూటర్లను ఒక్కొక్కటే ఆపించారు, మళ్లీ లేపించారు. ఉన్న నన్ను ఒక్కరూ తలుచుకోలేదు. నస్రీన్ వాళ్లు చెప్పినవన్నీ చేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి ఫోను పక్కన పెట్టేసి, టార్చి పట్టుకుని పెట్టె వెనక్కి దూరింది. నా వైరు లాగి చూసింది. కొస ఎర్రగా ఉంది.

"పూజ వల్ల పాడైందంటావా అమ్మా?" అన్నారు వెనక నిలబడ్డ పుండరీకం గారు.

గదిలో ఉన్నవాళ్లంతా నస్రీన్ కేసి చూశారు. అప్పుడే ఆమె పేరు గుర్తొచ్చినట్టుంది వాళ్లకు.

"నేనలా అనట్లేదండి. వైరుకి కుంకుమ అంటుకుంది. పక్క వైరు కనబడట్లేదు. అంతేనండి."

నా నోరు మెత్తగా తుడిచి, వైరు కొస తుడిచి పెట్టింది. దీపం నిలిచింది. ఓపీలో పేర్లు పిలవడం మొదలైంది.

అంతా బాగయ్యాక మనుషులకు ఇంకో పని మిగులుతుంది, తప్పెవరిదో తేల్చడం. స్పీకర్లో చైర్మన్ గారు అడిగారు.

"కొత్తమ్మాయి కదండీ, వైర్లు సరిగ్గా చూసుకోలేదు" అన్నారు పుండరీకం గారు. ఆయన చెడ్డమనిషి కాదు, భయపడ్డారు.

నస్రీన్ పూజకు పెట్టిన లాప్‌టాప్ నుంచి ఆ వైరు పీకి తెచ్చింది. "రెండో వైరు ఉండుంటే ఆసుపత్రి ఆగేది కాదు సార్. నిన్న మీరు పూజ చూసింది దీంతోనే."

పూజది తప్పనలేరు. పూజ చేసిన మేనేజరుదీ అనలేరు. తనదని చైర్మన్ గారు ఎలాగూ అనరు.

"అయితే ఆ కార్డే పాతబడిపోయింది. మార్చేయండి" అన్నారు.

నస్రీన్ నా దీపం కేసి చూసింది. అది నిక్షేపంగా వెలుగుతోంది. "అలాగే సార్" అంది. ఆమె ఉద్యోగం నిలిచింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ స్క్రూలు విప్పుతూ "ఏమనుకోకు" అని గొణిగింది. నాతో ఒక మనిషి మాట్లాడటం అదే మొదలు. చెత్తలో వెయ్యకుండా నన్ను తన సొరుగులో దాచింది.

మళ్లీ దసరా వచ్చింది. పుండరీకం గారు గంధం గిన్నెతో సర్వర్ గది వైపు వస్తుంటే నస్రీన్ ఎదురెళ్లింది.

"సార్, గుళ్లో మూలవిరాట్టుని కదపరు కదండీ. ఊరేగింపుకి ఉత్సవ విగ్రహమే కదా బయటికొచ్చేది" అని నన్ను ఆయన చేతిలో పెట్టింది.

ఆయన కాసేపు నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. "నేనూ అదే అందామనుకుంటున్నానమ్మా" అన్నారు.

అప్పట్నుంచి ఏటా ఆ గది తలుపు బయట, ఇత్తడి పళ్లెంలో, చామంతుల మధ్య కూర్చుంటున్నాను. నా నోటి నిండా కుంకుమ అద్దుతారు. తలుపు తాళంచెవి నస్రీన్ గుప్పిట్లో ఉంటుంది. విజయవాడ నుంచి చైర్మన్ గారు లైవ్‌లో నాకు దండం పెడతారు. పనికిరాదని ఆయన తీయించింది నన్నేనని ఇప్పటిదాకా ఎవరూ ఆయనకు చెప్పలేదు.