పదకొండో లెటర్

నిఖిలకి అనుమానం రావడానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక ఉంటే చాలు. బస్సు రెండు నిమిషాలు ముందొస్తే, ఇది మన బస్సేనా అని నంబరు మళ్ళీ చదువుతుంది. ఎవరైనా "నీ ఆట బాగుంది" అంటే, వీళ్ళకి నాతో ఏం పని పడిందో అనుకుంటుంది. ఇలాంటి మనిషికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం దొరకడంలో వింతేమీ లేదు. పదిమందిని వెంటేసుకుని ఆడాల్సిన ఐస్ హాకీ జట్టుకి కెప్టెన్ కావడమే వింత.

అది రెండువేల సంవత్సరం. జనవరి ఒకటో తారీకున కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని హడలిపోయినవాళ్ళు, అవి ఆగకపోయేసరికి రెట్టింపు హుషారులో ఉన్నారు. పాయా లేబర్ అనే పేటలో నిఖిల ట్రైనింగ్ చేసిన కంపెనీకి మనుషులు చాలడం లేదు. "చదువు తర్వాత నెమ్మదిగా పూర్తి చేద్దువు గాని, ముందు ఉద్యోగంలోకి వచ్చెయ్" అన్నారు అంతకుముందు డిసెంబరులోనే. ఆమె తండ్రి జనార్దనరావు బ్యాంకు కంప్యూటర్ల మధ్య ఇరవయ్యేళ్ళు గడిపినవాడు. కంపెనీ పంపిన కాగితాలని భోజనాల బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు.

"ఆర్నెల్లు ఆగితే ఈ జోరు ఉంటదో లేదో ఎవరికి తెలుసమ్మా? పెట్టెయ్ సంతకం. ఒక్క ప్రాజెక్టే కదా మిగిలింది, వీకెండ్స్‌లో చేసుకుందువు గాని."

నిఖిల నాలుగు చోట్ల సంతకం పెట్టింది. అప్పటికే ప్రాక్టీసుకి ఆలస్యమైపోతోంది.

ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్ళో ఐస్ హాకీ ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. జురాంగ్ వైపు ఒక ఐస్ రింక్ ఉంది. అందులో అమ్మాయిల కాలేజీ జట్లకి ఇచ్చేది ఆదివారం పొద్దున్న రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం నిఖిల జట్టులోని పదకొండు మందీ తెల్లారకముందే స్వెట్టర్లు చంకన పెట్టుకుని, ఉక్కలో చెమటోడుస్తూ బస్సెక్కేవారు. పోయినేడాది వాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఈ ఏడాది ఆరింటిలో ఐదు గెలిచి ఫైనల్‌కి వచ్చేశారు. నిఖిలకి ఇంత అదృష్టం మింగుడుపడలేదు. ఎక్కడో ఏదో తేడా ఉంది, ఎవరో ఏదో చేస్తారు అనుకుంటూ కూచుంది.

ఆ "ఎవరో" ఆమెకి పాయా లేబర్‌లో, ఆఫీసు లిఫ్టు దగ్గర దొరికింది. ఫైనల్లో ఎదురుపడబోయే కాలేజీ గోల్‌కీపర్, ఆరడుగుల పిల్ల, సూటు వేసుకుని, మెడలో ఆఫీసు కార్డు వేసుకుని లిఫ్టు దిగి వెళ్ళిపోయింది. నిఖిల తన మెడలోని కార్డు సర్దుకుంటూ ఆమెని వీధి చివరిదాకా చూసింది. ఉద్యోగం చేసుకునే మనిషి కాలేజీ లీగ్‌లో ఎలా ఆడుతుంది? ఈ సెమిస్టర్‌లో చదువుతున్నవాళ్ళే ఆడాలని రూలు ఉండనే ఉంది.

ఆ మధ్యాహ్నమే కొత్త ఈమెయిల్ ఐడీ ఒకటి తెరిచి, పేరు చెప్పకుండా, లీగ్ సెక్రటరీ మిసెస్ టాన్‌కి ఫిర్యాదు రాసింది. ఫైనల్ జట్లలో స్టూడెంట్ కాని మనిషి ఉంది, దయచేసి విచారించండి అని. మిసెస్ టాన్ కూడా గట్టి మనిషే. మర్నాడే ఇద్దరు కెప్టెన్లకీ కబురు పంపింది. రెండు జట్లలో ప్రతి ఒక్కరూ ఈ సెమిస్టర్‌లో నమోదై ఉన్నట్టు కాలేజీ నుంచి లెటర్ తేవాలి, శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా. లెటర్ లేనివాళ్ళు ఆడిన మ్యాచ్‌ల పాయింట్లు పోతాయి.

నిఖిల లోలోపల నవ్వుకుంది. ఆ నవ్వు ఒక రోజు కూడా నిలవలేదు. ఎదుటివాళ్ళ సంగతి సరే, మనవాళ్ళలో ఎవరైనా ఉంటే?

తొమ్మిది లెటర్లు సోమ, మంగళవారాల్లోనే వచ్చేశాయి. తనది ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. రానిది భువనది.

భువన విశాఖపట్నం పిల్ల. స్కాలర్‌షిప్ మీద ఈ దేశం వచ్చి మొదటి సంవత్సరం చదువుతోంది. చిన్నప్పుడు అక్కడ రోలర్ స్కేటింగ్ నేర్చుకుందట, మంచు మీద దిగిన మూడో వారానికే అందరికంటే వేగంగా ఉరికింది. ఒక్కటే లోపం. కుడివైపు తిరిగి టక్కున ఆగగలదు గాని, ఎడమవైపు ఆగడం రాదు. నేరుగా వెళ్ళి చెక్క గోడకి గుద్దుకుంటుంది. "ఫైనల్లో ఇలా గుద్దుకుంటే బయట కూచోబెడతాను" అని కోచ్ లిమ్ అందరి ముందే అన్నాడు. అప్పట్నుంచీ ఆ పిల్ల ఎవరితోనూ ఎక్కువ మాట్లాడటం లేదు.

"లెటర్ ఏదీ?" అని నిఖిల అడిగితే "ఇస్తాలే అక్కా" అంటుంది. రెండుసార్లు అడిగినా అదే మాట. నిఖిల ఆగలేక, క్లెమెంటిలో భువన అద్దెకుంటున్న ఫ్లాట్‌కి ఫోన్ చేసింది. ఇంటావిడ సత్యవాణి ఆంటీకి ఎవరి సంగతులైనా చెప్పడం సరదా.

"ప్రతి బుధవారం సాయంత్రం పెద్ద బ్యాగు తగిలించుకుని బూన్ లే పోద్దమ్మా. ఎవరున్నారే అక్కడ అంటే నవ్వి ఊరుకుంటది. నాకెందుకులే అని నేనూ అడగలా."

పెద్ద బ్యాగు. బూన్ లే. అటు ఫ్యాక్టరీలు. చదువు మానేసి ఎక్కడో పనికి కుదిరిందన్నమాట! నిఖిలకి లెక్క సరిపోయింది. సరిపోయిన లెక్కంటే ఆమెకి మహా ఇష్టం.

బుధవారం ఆఫీసు నుంచి ముందే బయటపడి, క్లెమెంటి స్టేషన్లో స్తంభం చాటున నిలబడి, భువన ఎక్కిన ట్రైన్లోనే వెనక పెట్టె ఎక్కింది. బూన్ లేలో దిగి, యాభై అడుగుల దూరంలో నడిచింది. భువన ఏ ఫ్యాక్టరీకీ పోలేదు. ఫ్లాట్ల వెనకున్న బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఆగి, బ్యాగులోంచి రోలర్ స్కేట్లు తీసి తొడుక్కుంది.

ఒక చివర నుంచి వేగంగా రావడం, ఎడమవైపు తిరిగి ఆగబోవడం, పడటం. లేచి, మోచేయి దులుపుకుని, మళ్ళీ మొదటి చివరికి పోవడం. బెంచీ మీద కూచున్న ముసలాయన ఒకడు, ఆ పిల్ల పడినప్పుడల్లా "అయ్యో" అంటున్నాడు. ఆరుసార్లు పడింది. ఏడోసారి అర క్షణం నిలబడి, తర్వాత పడింది.

నిఖిలకి సిగ్గేసింది. వచ్చిన దారినే పోవాల్సిన మనిషి పోలేదు. సిగ్గు ఒక పక్కన ఉండగానే, మరి లెటర్ ఎందుకివ్వలేదు అన్న ప్రశ్న ఇంకో పక్క నుంచి పొడుస్తోంది.

"భువనా!"

ఆ పిల్ల ఉలిక్కిపడింది. "అక్కా! ఇదేటి, నా వెనకాలే వచ్చేవా?"

"లెటర్ ఎందుకివ్వట్లేదు? ఈ సెమిస్టర్ రిజిస్టర్ చేసుకున్నావా అసలు?"

"చేసుకోకుండా ఎలాగుంటానక్కా?"

"నిజంగా?"

ఆ ఒక్క మాటకి భువన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బ్యాగు తెరిచి, ప్లాస్టిక్ కవర్లో మడత పడకుండా పెట్టుకున్న కాగితం తీసి ఇచ్చింది. క్లాసు అయ్యేసరికి ఆఫీసు మూసేస్తున్నారని, ఇవాళ క్లాసు ఎగ్గొట్టి తెచ్చుకున్నానని చెప్పింది.

"నన్నేటైనా అనుకో అక్కా. ఇక్కడికొస్తన్నట్టు కోచ్‌కి మాత్రం చెప్పకు. ఎడం పక్క ఇంకా రాలేదని తెలిస్తే నన్ను కూచోబెట్టేస్తాడు."

నిఖిల ఆ కాగితాన్ని పైనుంచి కింది దాకా చదివింది. చదవకుండా ఉండలేకపోయింది. సీలు, సంతకం, తారీకు అన్నీ ఉన్నాయి. "సారీ" అని మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

శుక్రవారం భోజనాల వేళ ఆఫీసులో అనుమతి అడిగి, కాలేజీకి వెళ్ళింది. పది లెటర్లు ఫోల్డర్లో ఉన్నాయి. తనది తీసుకుంటే పదకొండు. కౌంటరులో ఉన్నావిడ నంబరు కొట్టి, తెర వైపు చూసి, మళ్ళీ కొట్టింది.

"లెటర్ ఇవ్వడానికి లేదు. ఈ సెమిస్టర్‌లో మీరు లేరు."

"లేకపోవడమేంటి? ప్రాజెక్టు చేస్తున్నాను కదా!"

"లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్. జనవరి నుంచి. జూలైలో మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలి."

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చి చూపించింది. కింద నిఖిల సంతకం. కాస్త వంకరగా, తొందరలో పెట్టిన సంతకం. భోజనాల బల్ల మీద పెట్టిన నాలుగింటిలో అదొకటి. ఉద్యోగంలో చేరినన్నాళ్ళూ చదువు నుంచి తప్పుకుంటున్నానని స్పష్టంగా, పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.

బయటికొచ్చి తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, ఆ రోజు కాగితాలు మీరు చదివారా?"

"కంపెనీ వాళ్ళు పంపినవే కదమ్మా, అందులో ఏముంటది? అందరూ పెడుతున్నారు. అయినా నువ్వు చదివే ఉంటావనుకున్నా. నువ్వు చదవని కాగితముందా?"

క్యాంటీన్‌లో ఒక మూల కూచుంది. ఎదుటి జట్టు గోల్‌కీపర్ మెడలో కార్డు కనబడింది గాని, తన మెడలో కార్డు కనబడలేదు. జనవరి తర్వాత తను రెండు మ్యాచ్‌లు ఆడింది. రెండూ గెలిచారు. ఆ నాలుగు పాయింట్లు పోతే పదిలో మిగిలేవి ఆరు. మూడో జట్టుకి ఐదు, ఆ రెండింట్లో ఒకదాంట్లో ఓడింది ఆ జట్టే. పోయిన పాయింట్లు ఓడినవాళ్ళకి ఇస్తారో లేదో రూల్లో లేదు. ఇస్తే మాత్రం ఫైనల్ లేదు, కప్పు లేదు, పదిమంది చీకటినే లేచి పడ్డ పాట్లన్నీ మంచులో పోసినట్టే.

బ్యాగులో ఆగస్టులో తీసుకున్న పాత లెటర్ ఉంది. అదే కాలేజీ, అదే సీలు. తారీకు ఒక్కటే వేరు. పదకొండు కాగితాల కట్టలో చూసేవాళ్ళ కన్ను ఎక్కడ పడదో నిఖిలకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆరోది, లేదా ఏడోది. అక్కడికొచ్చేసరికి ఎవరైనా విసుగొచ్చి పేజీ తిప్పేస్తారు.

ఆరో చోట పెట్టింది కూడా. కట్టని సర్ది చూసుకుంది. ఏమీ తెలియడం లేదు. పైన ఉన్నది భువన లెటర్, ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఆ కవరు చూస్తుంటే తన మీద తనకే అసహ్యం పుట్టింది. నిజమైన కాగితాన్ని సీలుతో సహా పరీక్షించిన చేత్తోనే దొంగ కాగితాన్ని దాని కింద పెట్టింది. పాత లెటర్ బయటికి లాగి నాలుగు ముక్కలు చేసింది. నాలుగున్నరకి మిసెస్ టాన్ బల్ల మీద పది లెటర్లు పెట్టి, పదకొండోది ఎందుకు లేదో చెప్పింది.

శనివారం మధ్యాహ్నం జట్టంతా అదే క్యాంటీన్‌లో కూచున్నారు. నిఖిల నిలబడే చెప్పింది. రిజిస్టర్‌లో తన పేరు లేదని, అది తనకి నిన్నటిదాకా తెలీదని. ఫిర్యాదు రాసిందీ తనేనని, ఆ గోల్‌కీపర్ ఉత్త ట్రైనింగ్ కోసం ఆఫీసుకెళ్తున్న స్టూడెంటని తేలిందని. అందరూ చూస్తున్నారు. ఆ చూపు నిఖిలకి బాగా తెలుసు, ఇన్నాళ్ళూ ఆమె ఇతరుల్ని చూసిన చూపే.

చివరికి భువన అడిగింది. ఎత్తిపొడుపు కాదు, పాపం, తెలుసుకుందామనే అడిగింది.

"నిజంగా తెలీదా అక్కా? నువ్వు అన్నీ రెండేసిసార్లు చదువుతావు కదా."

తెలీదన్నదే నిజం. ఆ నిజాన్ని నమ్మించడానికి నిఖిల దగ్గర ఏ కాగితమూ లేదు.

కాసేపటికి కోచ్ లిమ్ వచ్చాడు. మిసెస్ టాన్ నిర్ణయం చెప్పాడు. రెండు మ్యాచ్‌ల పాయింట్లు పోయాయి, వాటిల్లో ఓడినవాళ్ళకి మాత్రం ఇవ్వలేదు. ఒక్క పాయింటుతో ఫైనల్ మిగిలింది. నిఖిల ఆడకూడదు, ఆటగాళ్ళ బెంచీ మీద కూచోకూడదు. కెప్టెన్‌గా ఎవరుంటారంటే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. కోచ్ విసుగ్గా భువన వైపు వేలు చూపించాడు.

ఆదివారం పొద్దున్న నిఖిల జనం కూచునే చోట, పై వరుసలో, స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని కూచుంది. పక్కన జనార్దనరావు. రానంటూనే వచ్చాడు. ఆటలో ఏం జరుగుతోందో ఆయనకి అర్థం కాలేదు గాని, అడగడానికి మొహం చెల్లలేదు.

చెరి రెండు గోల్స్. ఆఖరి నిమిషం. నల్లటి రబ్బరు బిళ్ళ ఎడమ మూలకి జారింది. భువన దాని వెనకే దూసుకుపోయింది. నిఖిల కళ్ళు మూసుకుంది. గోడ చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచేసరికి భువన గోడకి జానెడు దూరంలో నిలబడి ఉంది. కాళ్ళ కింద నుంచి లేచిన మంచు పొడి ఇంకా కింద పడలేదు. బిళ్ళ మధ్యకి తోసింది. అక్కడున్న పిల్ల ఆరడుగుల గోల్‌కీపర్ కాళ్ళ సందులోంచి కొట్టేసింది.

"గెలిచామా?" అన్నాడు జనార్దనరావు.

"గెలిచారు నాన్నా" అంది నిఖిల. అని ఏడ్చేసింది.

కింద అరుపులు, కౌగిలింతలు, కప్పు పట్టుకుని ఫొటోలు. ఎవరైనా తనని పిలుస్తారేమోనని చూసింది. పిలిస్తే జాలితోనేమో అనుకోవడానికి కూడా సిద్ధంగా ఉంది. ఎవరూ పిలవలేదు. లేచి మెట్ల వైపు నడిచింది.

"అక్కా! ఆగక్కా!"

భువన స్కేట్లు విప్పకుండానే, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ టకటకమంటూ ఎక్కి వస్తోంది. చేతిలో ఒక కాగితం, పెన్ను.

"మిసెస్ టాన్ ఇచ్చింది. కెప్టెన్ సంతకం పెట్టాలంట. నాకు ఇదేటో అర్థమవట్లేదు. నువ్వు చదివి చెప్పవా? పెట్టొచ్చా?"

నిఖిల కాగితం తీసుకుంది. ఫైనల్ ఫలితం, తేదీ, గోల్స్, ఆడినవాళ్ళ పేర్లు. పది పేర్లు. ఒక్కో పేరూ, ఒక్కో అక్షరం చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. భువన పెన్ను పట్టుకుని, తొందరపెట్టకుండా, పక్కనే నిలబడి ఉంది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి," అంది నిఖిల. "పెట్టు."