దేవర దగ్గర నవ్విన పిల్ల

"ఆ పిల్లోడు ఆ పిల్లకి అన్న అయితాడు కదమ్మా" అంది మా అత్త, చింతపండు పిసుకుతూనే.

వారం తిరిగితే మా అత్తింటి కులదేవర పండగ. పొంగలి పెట్టే ఇత్తడి గుండిగను పెరట్లో వేసుకుని, దాని లోపలి వైపు నేను, బయటి వైపు అత్త కృష్ణమ్మ తోముతున్నాం. గడప మీద మేఘన ఫోన్ పట్టుకుని నా నవల చదువుతోంది. మేఘన మా ఆయన అన్న కూతురు, గుడియాత్తంలో మా ఇంట్లోనే ఉండి వేలూరు కాలేజీకి పోయి వస్తుంది. మా ఇళ్ళలో మాట తెలుగే గాని ఆ అక్షరాలు ఎవరికీ రావు. అందుకని నేను తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాస్తాను. అత్తకు ఆ అక్షరాలూ రావు కాబట్టి మేఘన చదివి వినిపిస్తోంది. ఇన్నాళ్ళూ నా నవలను మేఘన స్నేహితురాళ్ళు కాట్పాడి రైల్లో చదివి నవ్వుకున్నారే తప్ప ఇంటి పెద్దలెవరూ కథ వినలేదు. వినగానే, మొదటి అధ్యాయానికే, ఈ మాట వచ్చింది.

నా కథ పెద్ద కథేం కాదు. హేమప్రియ, సుజిత్ అని ఇద్దరు కాలేజీ పిల్లలు. దేవర పొంగళ్ళకు వచ్చి, పొయ్యి పెట్టుకునే ఇటుకల కోసం కొట్లాడుకుంటారు. వాడు ఆమె ఇటుక ఎత్తుకుపోతాడు, ఆమె వాళ్ళ బెల్లం దాచేస్తుంది, వాళ్ళ పొంగలి చప్పగా పొంగుతుంది. అక్కడినుంచి స్నేహం, అలకలు, బస్సులో ఒకరికొకరు సీటు పట్టడం, చివరికి ప్రేమ. ఆఖరి అధ్యాయంలో పెళ్ళి. అదొక్కటే రాయాలి. వేలూరులో కుర్రకారు కోసం పుస్తకాలు వేసే జెబకుమార్ గారు మేఘన స్నేహితురాలి తండ్రి. కూతురి ఫోన్లో చదివి, ఉన్నదున్నట్టు ఇవే అక్షరాల్లో పుస్తకం వేస్తానన్నారు. ముగింపు సోమవారానికి కావాలన్నారు. అట్ట మీద వేయడానికి నా పేరు అడిగారు. సుమిత అన్న పేరు మా పెళ్ళి పత్రిక తర్వాత ఎక్కడా అచ్చులో పడలేదు. ఆ మాట విన్న రోజు అన్నం మాడబెట్టాను, తిట్లు తిన్నా బాధనిపించలేదు.

అత్త పట్టిన తప్పు నిజమే. దేవర దగ్గర ఒకే ఇంటిపేరు వాళ్ళే కూడతారు. అక్కడ పొయ్యి వెలిగించే ఇళ్ళన్నీ దాయాదులవి, వాళ్ళ పిల్లలందరూ అన్నాచెల్లెళ్ళ వరస. ఈ సీమలో మేం పేరు ముందు తండ్రి పేరులో ఒక అక్షరం పెట్టుకుంటాం తప్ప ఇంటిపేరు రాయం. రైల్లో చదివిన పిల్లల్లో సగం మందికి తమ ఇంటిపేరే తెలియదు, అందుకే ఎవరూ పట్టుకోలేదు. మరి నాకు తెలుసు కదా, నేనెలా రాశాను? గుండిగలో చేయి పెట్టి అదే ఆలోచించాను. మా ఆయన విఘ్నేష్ బావ నా మేనమామ కొడుకే. నేను ఆయనకేనని నేను పుట్టిన రోజే అనుకున్నారు. వాళ్ళు ఇంటికి వస్తే మా అమ్మ నన్ను లోపలి గదిలోకి తోసేది. చేసుకోబోయేవాడి ముందు పళ్ళు కనిపించకూడదట. నేను పగలబడి నవ్వింది ఏడాదికొక్కసారి మా పుట్టింటి దేవర దగ్గరే, చిన్నాయన కొడుకు రంగరాజులుతో. నా ఇటుక ఎత్తుకుపోయింది వాడే. అన్న కాబట్టి ఎవరూ కసరలేదు. ప్రేమకథ రాద్దామని కూర్చుని, ఆడపిల్ల నవ్వు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుంటే నాకు దొరికింది ఆ ఒక్క చోటే. పెళ్ళయ్యాక ఆ దేవర నాది కాకుండా పోయింది, ఈ దేవర గుండిగ నా వంతుకు వచ్చింది. ఎవరితో నవ్వొచ్చో వాళ్ళు అన్నలు, ఎవరితో బతకాలో వాళ్ళ ముందు నవ్వకూడదు. ఇంత చక్కని ఏర్పాటు చేసిందెవరో గాని, వాళ్ళు జన్మలో గుండిగ తోమి ఉండరు.

అప్పుడే బావ భోజనానికి వచ్చాడు. ఆయనకు బజారులో లుంగీల అంగడి ఉంది. ఆ లుంగీలు మడతలు పెట్టేదీ, లేబుళ్ళు అంటించేదీ నేనే. ఎవరైనా అడిగితే, ఇంట్లో ఊరికే ఉండాది కదా, చేస్తాది అంటాడు. నేను నవల రాస్తున్నానని మొదట తెలిసినప్పుడు ముద్ద కలుపుతూ, ప్రేమకథ రాసేదానికి నువ్వు ఎవర్ని ప్రేమించినావని అడిగాడు. అందరూ నవ్వారు. నేను సాంబారు వడ్డించాను. ఆ తర్వాత వారంలో మూడు అధ్యాయాలు రాశాను, అంత మండింది నాకు.

మేఘన నోరు ఆగదు. అవ్వ పట్టిన తప్పు గొప్పగా చెప్పేసింది. బావ మొహం మారిపోయింది.

"ఆ జెబకుమార్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేయ్. దేవరకి దాయాదులందరూ వస్తారు. అన్నాచెల్లెళ్ళకి పెండ్లి చేసిందంట వీళ్ళ కోడలు అంటే నేను యాడ మొహం పెట్టుకునేది?"

కాసేపటికి కొంచెం తగ్గి, అంత ఆశగా ఉంటే నీ పేరు లేకుండా వేసుకో అన్నాడు. మొదటి మాటకన్నా ఈ దయ నన్ను ఎక్కువ గుచ్చింది.

మేఘన పాపం దిద్దబోయింది. వాళ్ళిద్దరూ వేలూరు కోటలో కలిసినట్టు మార్చు చిన్నమ్మా అంది, లేకపోతే బస్టాండులో, పళ్ళికొండ హోటల్లో అంది. నేను హేమప్రియను ఆ చోట్లన్నిటికీ మనసులోనే పంపి చూశాను. యాడికి పోతాండావని ఇంట్లో అడుగుతారు, ఆమె అబద్ధం చెప్పాలి. అబద్ధం చెప్పి వచ్చిన పిల్ల గడియారం చూసుకుంటుందే గాని నవ్వదు. ఈ పుస్తకం ఇక రాదనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చింతపండు చేయితో తుడుచుకుంటే ఇంకా మండాయి.

"మార్చొద్దు" అంది అత్త. గుండిగ మీదినుంచి తల ఎత్తలేదు. "అన్నయితే ఏమి? ఆ పిల్లని నవ్వించినాడు కదా. ఆ నవ్వు అట్లే ఉండనీ. పెండ్లి ఇంకొకడితో చెయ్యి."

మేఘన నోరు తెరిచింది. అత్త ఆగలేదు.

"మీ మామ మంచోడే. నవ్వింది మాత్రం నేను అన్నల దగ్గర, వండిపెట్టింది మొగుడికి. రెండూ ఒకడే అయితే ఎట్ల ఉంటాదో నేను చూళ్ళేదు. నువ్వు రాయి సుమితా, నేను వింటా."

బావ తన తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నేనూ అలాగే చూశాను. ఇన్నేళ్ళు ఒకే పెరట్లో గిన్నెలు తోముతూ ఈమెను నేను ఒక్కసారీ ఏమీ అడగలేదు.

నవల దానంతటది సర్దుకుంది. ఆ ఇద్దరినీ ప్రేమలోకి తోసింది నేను, వాళ్ళు కాదు. ఆ ప్రేమ అధ్యాయాలు రెండూ కొట్టేస్తే చాలు, స్నేహాన్ని ముట్టుకోనక్కర్లేదు. మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళని పెద్దవాళ్ళు చెబితే ఇద్దరూ పొలమారేదాకా నవ్వుతారు. ఇక చెల్లెలి పెళ్ళి బాధ్యత సుజిత్‌ది. వచ్చిన ప్రతి సంబంధం ముందూ మసిపట్టిన గుండిగ తెచ్చి పెడతాడు. ఒకడు జాతకం తీస్తాడు, ఒకడు కారు తాళం తిప్పుతాడు. ఒకడు మాత్రం చొక్కా చేతులు మడిచి, నాకు చేతకాదు, ఎట్ల తోమేదో చూపించు అంటాడు. హేమప్రియ చూపిస్తుంది. వాడు చొక్కా అంతా మసి చేసుకుంటాడు. ఆమె నవ్వుతుంది, ఈసారి ఎవరూ లోపలికి తోయరు. ప్రేమ అక్కడినుంచి మొదలు.

చేతులు కడుక్కుని జెబకుమార్ గారికి ఫోన్ చేశాను. బావ అక్కడే నిలబడి ఉన్నాడు. పెళ్ళికొడుకు మారాడని, ముగింపు సోమవారానికి ఇస్తానని, అట్ట మీద సుమిత అని పెద్ద అక్షరాలతో వేయమని చెప్పాను.

"అన్నం?" అన్నాడు బావ.

"వేసుకో బావా" అన్నాను. "తిన్నాక గుండిగ లోపలి తోముడు మిగిలి ఉండాది. నాకు రాసే పని ఉండాది."

గడప మీద మేఘన పక్కన చోటు చేసుకుని ఫోన్ అందుకున్నాను. బావ తిని గుండిగ దగ్గరికి వచ్చాడు. అత్త చింతపండు ముద్ద అటు జరిపి, తన పీట ఇచ్చి లేచింది. ఆయన లుంగీ ఎగగట్టి కూర్చున్నాడు. అలవాటు లేని చేయి, ఒక చోటే రుద్దుతున్నాడు. నేను సుజిత్ గుండిగ మోసుకొచ్చే అధ్యాయం మొదలుపెట్టి, రాసిన మేరకు పైకి చదివాను. అత్త నవ్వింది, మేఘన నవ్వింది. ఇంకొక నవ్వు గుండిగ లోపలినుంచి వచ్చింది. పుట్టినప్పటినుంచీ నాకు రాసిపెట్టిన మనిషి నా మాటకు నవ్వడం నేను వినడం అదే మొదలు. తలెత్తి చూడకుండా తర్వాతి వాక్యం రాశాను.