తొమ్మిది మంది పేర్లు

"పేర్లేగా అడిగింది, ప్రాణాలు కాదుగా!" అన్నాడు కురువిళ, మూడోసారి.

అతని భార్య ఏలిక్కుట్టి కత్తి అందుకుంది. చేతులకి కొబ్బరినూనె రాసుకుని పనసకాయ ముందు కూర్చుంది. పదకొండేళ్లుగా గ్రంథాలయం సంచీ భుజాన వేసుకుని, ఆడవాళ్లకి ఇంటింటికీ పుస్తకాలు అందించడం ఆమె పని. మోకాళ్లు అరిగిపోయాయి.

గొడవ ఒక అట్టతో మొదలైంది. పడకగది సంగతులు దాపరికం లేకుండా రాసిన నవల అది. తీసుకున్నావిడ దానికి చర్చి వారపత్రిక కాగితంతో అట్ట వేసుకుంది. ఆ ఇంటి మామగారు అదేదో పుణ్యాత్ముడి చరిత్ర అనుకుని, సాయంత్రం ప్రార్థన అయ్యాక ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపించాడు. ఒకటిన్నర పేజీ దాకా ఆయనకి అనుమానమే రాలేదట. మర్నాడే ఫిర్యాదు. అది బూతని కొందరు, సాహిత్యమని కొందరు నెల్లాళ్లు కొట్టుకున్నారు. చివరికి, ఆ నవల ఇంకా ఎవరెవరు తీసుకున్నారో తన దగ్గరుండే రిజిస్టరు చూసి చెప్పమని ఏలిక్కుట్టిని అడిగింది గ్రంథాలయం కమిటీ. ఆ కమిటీ కార్యదర్శి కురువిళే.

"మొన్న సభలో స్వేచ్ఛ గురించి గంటసేపు మాట్లాడింది మీరేగా అచ్చాయా?" అంది ఏలిక్కుట్టి మొగుడితో.

"రాసేవాళ్ల స్వేచ్ఛ గురించి మాట్లాడాను."

"చదివేవాళ్ల సంగతి వచ్చే సభలో చెప్తారులే అమ్మా," అంది కూతురు జిన్సీ.

"నువ్వు నోరు మూసుకో! నలుగురు కుర్రపిల్లలు తేలతారు, మందలించి వదిలేస్తాం. పేర్లిస్తే ఇక ఆ పుస్తకం జోలికి ఎవరూ రారు, దాన్ని కాపాడుతున్నదే నేను. మీ అమ్మకి తలకెక్కదు."

ఆ నవల తీసుకున్నది తొమ్మిది మంది. కుర్రపిల్ల ఒక్కతీ లేదు. మంచాన పడ్డ మొగుడికి పదేళ్లుగా చాకిరీ చేస్తున్నావిడ ఒకరు. ఆదివారాలు పిల్లలకి మతపాఠాలు చెప్పే విధవరాలు ఒకరు. తొమ్మిదో పేరు, ఇప్పుడు మూల కూర్చుని పనసగింజలు ఏరుతున్న అత్తగారిది. మూడు వారాలు దగ్గరుంచుకుని, తిరిగిచ్చేటప్పుడు ఆవిడ అన్నది ఒకే మాట: "అక్షరాలు మరీ చిన్నవే."

"అమ్మచ్చీ, నువ్వైనా చెప్పు నీ కోడలికి," అన్నాడు కురువిళ.

ముసలావిడ చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. "నాకేం తెలుసురా ఇవన్నీ," అంది సన్నగా.

ఒక్క పేరు చెబితే చాలు, మొగుడి నోరు జన్మలో లేవదు. ఆ మాట ఏలిక్కుట్టి నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారు ఏరేసిన గింజనే తీసి మళ్లీ కుప్పలో వేసింది. అలా గెలిచే ఓపిక కూడా లేదనిపించింది ఆమెకి.

కత్తి పక్కన పెట్టి, చేతులకంటిన జిగురు గుడ్డతో తుడుచుకుంది.

"అందరూ వినండి," అంది, గొంతు పెంచకుండా. "పేర్లు ఇవ్వను. కమిటీకీ ఇవ్వను, ఈ ఇంట్లోనూ చెప్పను. నన్ను పనిలోంచి తీసేస్తే తీసేయండి. ఉంచితే, మంగళవారం నా సంచీలో ఆ నవల కూడా ఉంటుంది. అడిగినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు."